ఆటపెట్టెల వెనుకనున్న లెక్క

2006వ సంవత్సరము నవంబరు నెలలో జపాను దేశమునందును అమెరికాయందును ఒక నల్లని పెట్టె అంగళ్లలోనికి వచ్చెను. దాని పేరు ప్లేస్టేషన్ 3. దానిని టెలివిజనుకు తగిలించి, చేతిలోని మీటలను నొక్కుచు, తెరమీది బొమ్మలను నడపి ఆడుకొందురు. ఇట్టి ఆటపెట్టెకే వీడియో గేమ్ కన్సోలని పేరు. ప్లేస్టేషన్ 3ను తయారుచేసినది సోనీ అను జపాను సంస్థ. అమెరికాలో దాని పెద్ద రకమునకు పెట్టిన వెల 599 డాలర్లు. విడిభాగముల వెలలను లెక్కగట్టుటలో పేరుగన్న ఐసప్లై అను సంస్థ వెంటనే ఆ పెట్టెను విప్పి చూచెను. దానిని తయారుచేయుటకే ఇంచుమించు 840 డాలర్లు పట్టుచున్నదని ఆ సంస్థ అంచనా కట్టెను.

పట్టిన ఖర్చుకన్న తక్కువ వెలకు సరకు నమ్మువానిని లోకము వెఱ్ఱివాడనును, లేదా దాతయనును. సోనీ రెండును కాదు. మూడేండ్లు గడచుసరికి, అనగా 2009వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, అదే పేరుగల పెట్టె మఱింత సన్నని రూపముతో 299 డాలర్లకు అమ్ముడుపోవుచుండెను. పాత పెట్టెలో 60 గిగాబైట్ల నిలువ ఉండగా, క్రొత్తదానిలో 120 గిగాబైట్ల నిలువ ఉండెను. వెల సగమయ్యెను; నిలువ రెట్టింపయ్యెను. ఆడు ఆటలు మాత్రము అవియే. పేరు మారక, ఆట మారక, లోపలి వస్తువు మాత్రము ఇట్లు మారుచుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకినచో ఆటపెట్టెల వర్తకపు మర్మమంతయు బయటపడును.

గడ్డము గీసికొను సేఫ్టీ రేజరును అందఱును ఎఱుగుదురు. పిడిని ఒకమారు కొన్నచో ఏండ్ల తరబడి ఉండును. బ్లేడులను మాత్రము మాటిమాటికి కొనవలెను. కావున పిడిని చౌకగా ఇచ్చి బ్లేడులపై లాభము తీయుట వర్తకులలో ప్రసిద్ధమైన ఉపాయము. ఆటపెట్టె పిడి వంటిది. ఆటలు బ్లేడుల వంటివి. పెట్టెను కొన్నవాడు దానితో ఊరకుండడు. ఏటేట ఆటలను కొనుచుండును. ఆ ఆటలను పెట్టెను చేసిన సంస్థయే తయారుచేయవలెనని నియమము లేదు. ఇతరులు తయారుచేసినను, అమ్మిన ప్రతి ప్రతిపైనను కొంత రుసుము పెట్టె యజమానికి ముట్టును. అన్ని సంస్థలును అన్ని వేళల నష్టమునకే అమ్మునని చెప్పరాదు. ఐనను పెట్టెపై లాభము స్వల్పము, ఆటలపై లాభము అధికము అనునది ఈ వర్తకమునకు మూలసూత్రము.

ఈ ఉపాయము ఫలించుటకు రెండు సంగతులు జరుగవలెను. మొదటిది, పెట్టెలు విరివిగా అమ్ముడుపోవలెను. రెండవది, పెట్టె తయారీ ఖర్చు త్వరత్వరగా దిగివచ్చుచుండవలెను. రెండవది జరుగక మొదటిది మాత్రమే జరిగినచో అమ్మినకొలదియు నష్టము పెరుగును. 2007వ సంవత్సరము మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరమున సోనీ వారి ఆటల శాఖకు వాటిల్లిన నష్టము 23 వేల కోట్ల యెన్‌లకు పైబడెను. అంతటి నష్టమును ఎన్నాళ్లు భరింపగలరు? కావున పెట్టె అంగడికి వచ్చిన దినము మొదలుకొని దాని ఖర్చును తగ్గించు పని ఆరంభమగును.

ఖర్చు తగ్గించుటకు ఇచ్చవచ్చినట్లు మార్పులు చేయుటకు వీలు లేదు. ఒక పెద్ద ఆటను తయారుచేయుటకు అనేకులు కొన్ని సంవత్సరములు శ్రమింతురు. తాము చేసిన ఆట దేశమంతటను అమ్ముడుపోయిన ప్రతి పెట్టెయందును ఒకే తీరున నడువవలెనని వారు కోరుదురు. నేడు కొన్న పెట్టెలో ఆడిన ఆట ఏడాది క్రిందటి పెట్టెలో ఆడకున్నచో కొన్నవారు నొచ్చుకొందురు, చేసినవారు వెనుదీయుదురు. అందువలన ఒక ఆటపెట్టె శక్తి ఐదాఱు సంవత్సరములు మారక నిలుచుట వాడుక. బయటకు ఇచ్చిన మాటను తప్పక, లోపలి ఖర్చును తగ్గించుటయే ఆటపెట్టె సవరణకు అర్థము. పెట్టె అడుగున అతికించిన చీటీపై నుండు నమూనా సంఖ్యయే అట్టి మార్పునకు తఱచుగా కనిపించు గుర్తు.

ఖర్చు ఎట్లు తగ్గును? ఆటపెట్టెకు ప్రాణము చిప్పు. గుండ్రని సిలికాన్ పలకపై ఒకేమారు అనేక చిప్పులను తీర్చి, పిదప ముక్కలుగా కోయుదురు. గృహిణి మైసూరుపాకును పళ్లెములో పోసి, ఆఱిన పిమ్మట ముక్కలు కోయు విధమును దీనితో పోల్చవచ్చును. పళ్లెము అదియే, ముక్క చిన్నదైనకొలది ముక్కల సంఖ్య పెరుగును. పాకములో నలుసు పడినచో ఆ నలుసున్న ముక్కయే చెడును. ముక్కలు చిన్నవైనచో చెడిపోవు భాగమును తక్కువయే. ప్లేస్టేషన్ 3లోని సెల్ అను చిప్పు మొదట 90 నానోమీటర్ల పద్ధతిలో తయారయ్యెను. 2007లో అది 65కును, 2009లో 45కును దిగెను. నానోమీటరనగా మీటరులో నూఱు కోట్లవ వంతు. పద్ధతి సూక్ష్మమైనకొలది అదే పని చేయు చిప్పు చిన్నదై, పలకకు ఎక్కువ చిప్పులు వచ్చెను.

చిప్పు చిన్నదగుటతో మేలు ఆగదు. చిన్న చిప్పునకు విద్యుత్తు తక్కువ చాలును. విద్యుత్తు తగ్గినచో వేడి తగ్గును. వేడి తగ్గినచో చల్లార్చు ఫంకాయు, లోహపు రెక్కలును చిన్నవగును. అవి చిన్నవైనచో పెట్టె చిన్నదగును. పెట్టె చిన్నదైనచో ఓడలో ఒక్కొక్క కంటెయినరునందు ఎక్కువ పెట్టెలు పట్టును. ఇట్లు ఒక పొదుపు మఱియొక పొదుపునకు దారి తీయును. 2009 నాటి సన్నని ప్లేస్టేషన్ 3 యొక్క పరిమాణము, బరువు, విద్యుత్తు వాడుక అను మూడును తొలి పెట్టెతో పోల్చగా సుమారు మూడింట రెండు వంతులకు దిగెను.

ఈ విద్యయందు సోనీ అంతకుముందే ఆరితేఱి యుండెను. 2000వ సంవత్సరమున వచ్చిన ప్లేస్టేషన్ 2 అమెరికాలో మొదట 299 డాలర్లకు అమ్ముడుపోయెను. తొలుత వేర్వేఱుగా నున్న రెండు ముఖ్యమైన చిప్పులు కాలక్రమమున ఒకే చిప్పుగా కలిసెను. 2004లో వచ్చిన సన్నని నమూనా మందము సుమారు 8 సెంటీమీటర్ల నుండి 3 సెంటీమీటర్లకు లోపునకు దిగెను. వెల 2002లో 199 డాలర్లకును, 2004లో 149కిని, 2006లో 129కిని, 2009లో 99కిని తగ్గెను. వెల తగ్గినకొలది క్రొత్త దేశములలో క్రొత్త ఇండ్లకు ఆ పెట్టె చేరెను. అది పుట్టిన తొమ్మిదవ యేట, అనగా 2009లో, హైదరాబాదునందలి అరోనా టెక్నాలజీస్ అను సంస్థ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆట ఆ పెట్టెకై వెలువడెను. పదియేండ్లకు చేరువైన యంత్రమునకు హైదరాబాదులో క్రొత్త ఆట పుట్టినదన్నచో, చౌకయైన సవరణల వలన పెట్టె ఆయువు ఎంత పెరుగునో తెలియుచున్నది. మొత్తముమీద ప్లేస్టేషన్ 2 పెట్టెలు 16 కోట్లు అమ్ముడుపోయెను.

ఇంతవరకు చెప్పినది చిప్పుల సంగతి. నిలువ సంగతి వేఱు. నిలువయనగా ఆటలను, ఆటగాడు సాధించిన మెట్లను దాచు చోటు. తొలి ప్లేస్టేషన్‌కు అమర్చు మెమరీ కార్డు 128 కిలోబైట్లు మాత్రమే దాచెడిది. ప్లేస్టేషన్ 2 కార్డు 8 మెగాబైట్లు దాచెడిది. ఒక గిగాబైటు ఇంచుమించు వేయి మెగాబైట్లు. 2001లో అమెరికా సంస్థయైన మైక్రోసాఫ్ట్ తన మొదటి ఆటపెట్టెయగు ఎక్స్‌బాక్స్‌లో 8 గిగాబైట్ల హార్డ్ డిస్కును నేరుగా అమర్చి అందఱను ఆశ్చర్యపఱచెను. కార్డులు కొనవలసిన పని తప్పినదని ఆటగాండ్రు సంతోషించిరి. కాని వర్తకపు దృష్టితో చూచినచో ఆ డిస్కు మైక్రోసాఫ్ట్‌నకు గుదిబండ యయ్యెను.

దీనికి కారణమును గ్రహించుటకు రైతు ఇంటిలోని గాదెను తలంచిన చాలును. గాదెలో పది బస్తాలు పోసినను, పాతిక బస్తాలు పోసినను, దానికి గోడలు, కప్పు, తలుపు తప్పవు. ఐదు బస్తాలకు మాత్రమే గాదె కట్టుమన్నంతనే ఖర్చు సగమునకు దిగదు. హార్డ్ డిస్కును అట్టిదే. అందు గిఱగిఱ తిరుగు పలక ఉండవలెను; దానిని త్రిప్పు మోటారు ఉండవలెను; చదువు చేయి ఉండవలెను; అన్నిటిని కప్పు లోహపు పెట్టె ఉండవలెను. అక్షరములను ఎంత దట్టముగా వ్రాయగలిగినను ఈ భాగముల వెల తప్పదు. కావున ఏండ్లు గడచినకొలది డిస్కు వెల ఒక మట్టమునకు దిగి అక్కడ నిలిచిపోవును. దిగు వెలకు బదులుగా అదే వెలకు ఎక్కువ నిలువ దొరకును. ఎక్స్‌బాక్స్‌నందు ఇది స్పష్టముగా కనబడెను. పిదప వచ్చిన కొన్ని పెట్టెలలో 10 గిగాబైట్ల డిస్కులు అమర్పబడినను, మాట మారరాదు గావున వాటిలో 8 గిగాబైట్లనే వాడుకకు విడిచిరి. నిలువ పెరిగినను కొన్నవానికి అది దక్కలేదు; అమ్మినవానికి ఖర్చు తగ్గలేదు.

మఱియొక చిక్కును ఉండెను. ఎక్స్‌బాక్స్ చిప్పులు ఇంటెల్, ఎన్‌విడియా అను ఇతర సంస్థల సొత్తు. సూక్ష్మ పద్ధతుల వలన కలుగు పొదుపు మైక్రోసాఫ్ట్ చేతికి నేరుగా రాలేదు. చిప్పుల వెలను గూర్చి ఎన్‌విడియాతో వివాదమును తలయెత్తెను. అవతల ప్లేస్టేషన్ 2 వెల దిగుచుండగా, నష్టమైనను ఇవతల ఎక్స్‌బాక్స్ వెలను దింపక తప్పలేదు. అది మొత్తము రెండు కోట్ల నలువది లక్షల పెట్టెలు మాత్రమే అమ్ముడుపోయి, 2005లో తన స్థానమును ఎక్స్‌బాక్స్ 360కు విడిచిపెట్టెను.

దెబ్బతిన్న మైక్రోసాఫ్ట్ పాఠము నేర్చెను. ఎక్స్‌బాక్స్ 360 చిప్పుల నమూనాలపై హక్కును తానే ఉంచుకొనెను. డిస్కును పెట్టె నుండి వేఱుచేసెను. డిస్కు లేని రకము 299 డాలర్లు. 20 గిగాబైట్ల డిస్కుతో కూడిన రకము 399 డాలర్లు. చౌక రకమును కొన్నవాడు కావలసినప్పుడు డిస్కును విడిగా కొని తగిలించుకొనవచ్చును. ఐతే ఆ డిస్కు మైక్రోసాఫ్ట్ వారి ప్రత్యేకమైన పెట్టెలో నుండవలెను. అంగడిలో దొరకు సాధారణమైన డిస్కు పనికిరాదు. 2007లో 120 గిగాబైట్ల విడి డిస్కు వెల సుమారు 180 డాలర్లు. అంతే నిలువగల మామూలు లాప్‌టాప్ డిస్కు అంతకన్న చాల తక్కువకు దొరకెడిది. గాదె కట్టు ఖర్చును కొన్నవానిపై వేసి, ఆ గాదె తలుపునకు తన తాళము వేయుట ఇందలి ఉపాయము.

ఈ ఉపాయమునకు మూల్యమును లేకపోలేదు. కొందఱి పెట్టెలలో డిస్కు లేదు గావున, కొలదిపాటి మినహాయింపులు తప్ప, ప్రతి ఆటయు డిస్కు లేకుండగనే నడువవలెనను నియమము ఏర్పడెను. డిస్కు కొన్నవానికిని దాని పూర్తి ప్రయోజనము దక్కలేదు. అంతకన్న పెద్ద దెబ్బ తొందరపాటు వలన తగిలెను. ఎక్స్‌బాక్స్ 360 పెట్టెలు మాటిమాటికి వేడెక్కి చల్లారుటచే లోపలి సన్నని అతుకులు పగిలి, ముందుభాగమున ఎఱ్ఱదీపములు వెలిగి, పనిమానుచుండెను. 2007వ సంవత్సరము జూలై నెలలో మైక్రోసాఫ్ట్ ఆ దోషమునకు మూడేండ్ల పూచీని ప్రకటించి, బాగుసేతల కొఱకు నూఱు కోట్ల డాలర్లకు పైగా కేటాయించెను. పిదప వచ్చిన నమూనాలలో చిప్పులు చిన్నవయ్యెను. 2010 నాటి సన్నని నమూనాలో రెండు ప్రధాన భాగములు ఒకే చిప్పులో ఇమిడెను. ఇక్కడ సవరణ ఖర్చు తగ్గించుటకే కాదు, పోయిన పరువును నిలుపుటకును ఉపకరించెను.

సోనీ త్రొక్కిన త్రోవ దీనికి మాఱుగా ఉండెను. ప్లేస్టేషన్ 3 పెట్టెలన్నిటను నిలువ చోటును లోపలనే అమర్చిరి. తొలి పెట్టెల డిస్కు లాప్‌టాప్‌లలో వాడు సాధారణమైన డిస్కు. కొన్నవాడు మరమేకును విప్పి, అంగడిలో కొన్న పెద్ద డిస్కును తానే పెట్టుకొనుటకు సోనీ అనుమతించెను. పూచీయు చెడదు. గాదె తలుపునకు తాళము లేదన్నమాట. అందువలన డిస్కులు పెరిగినకొలది కలిగిన లాభములో కొన్నవానికిని పాలు దక్కెను. ఆటలు చేయువారికిని ప్రతి పెట్టెయందును డిస్కు కలదను ధైర్యము చిక్కెను.

ఇంత ఉదారముగా కనిపించిన సోనీ వేఱొక చోట కత్తిరింపు చేసెను. జపాను, అమెరికాలలోని తొలి పెట్టెలలో ప్లేస్టేషన్ 2 యొక్క చిప్పులు కూడ ఉండెను. పాత ఆటలన్నియు క్రొత్త పెట్టెలో ఆడునని చెప్పి అమ్మిరి. కాని ఆ చిప్పులకు ఖర్చగును. 2007 చివర 399 డాలర్లకు వచ్చిన 40 గిగాబైట్ల నమూనాలో ప్లేస్టేషన్ 2 ఆటలాడు శక్తి లేనే లేదు. నాలుగు యు.ఎస్.బి. రంధ్రములు రెండయ్యెను, కెమెరా కార్డులను చదువు చోటు మాయమయ్యెను. పేరు మాత్రము ప్లేస్టేషన్ 3యే. ఐనను క్రొత్త నమూనాను కొన్నవాడు తక్కువ వెలకు తక్కువ వస్తువును తెలిసియే కొనెనని సమాధానము చెప్పవచ్చును.

2010లో జరిగినదానికి అట్టి సమాధానము చెల్లదు. తొలి పెట్టెలలో లైనక్సు వంటి వేఱొక నిర్వాహక వ్యవస్థను ఎక్కించుకొను సౌకర్యము ఉండెను. సన్నని నమూనాలో దానిని తీసివేసిరి. అంతటితో ఆగక, భద్రతా కారణములు చూపి, 2010వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన వెలువడిన నవీకరణతో పాత పెట్టెలలోను ఆ సౌకర్యమును తొలగించిరి. నవీకరణను అంగీకరింపనివానికి ఇంటర్నెట్టు ద్వారా ఆడు ఆటలు లేవు. మూల్యము చెల్లించి ఇంటికి తెచ్చుకొన్న వస్తువులో నుండి అమ్మినవాడు దూరమున నుండియే ఒక భాగమును తీసికొనిపోయెనని అమెరికాలోని కొనుగోలుదారులు న్యాయస్థానమున కెక్కిరి. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగి రాజీతో ముగిసెను. సవరణకును మాట తప్పుటకును నడుమ నున్న గీత ఎక్కడిదో ఈ వ్యాజ్యము లోకమునకు చూపెను.

2012లో సోనీ ప్లేస్టేషన్ 3ను మఱియొకమారు చిన్నది చేసెను. ఆ నమూనాలో 250, 500 గిగాబైట్ల డిస్కులుగల రకములతోపాటు, ఐరోపాలో 12 గిగాబైట్ల ఫ్లాష్ నిలువగల చౌక రకమును వచ్చెను. 500 గిగాబైట్ల సరసన 12 గిగాబైట్లా యని పలువురు నవ్విరి. గాదె లెక్క తెలిసినవానికి అది నవ్వుదగిన సంగతి కాదు. ఫ్లాష్ చిప్పునకు మోటారు లేదు, తిరుగు పలక లేదు. అది గాదె కాదు, బస్తా. బస్తా ఒక్కటైనచో వెలయు ఒక్క బస్తాదే. చిన్న నిలువకు ఫ్లాష్ చౌక. పెద్ద నిలువకు ఆనాడు డిస్కు చౌక. కావుననే ఒకే పెట్టెలో రెండు రకముల నిలువలు ప్రక్కప్రక్కన అమ్ముడుపోయెను.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అను పెట్టెలు 500 గిగాబైట్ల డిస్కుతో మొదలై, పిదప 1000 గిగాబైట్లకు పెరిగెను. ఈ పెరుగుదలను కేవలము ఔదార్యమనరాదు. ఒక్కొక్క ఆటయే పదుల గిగాబైట్ల చోటు నాక్రమించుచుండెను. పళ్లెము వంటి డిస్కులను అంగడిలో కొనుట తగ్గి, ఆటలను ఇంటర్నెట్టు ద్వారా దింపుకొనుట హెచ్చెను. అట్లు దింపుకొను ఆటలు పెట్టెను చేసిన సంస్థ యొక్క సొంత దుకాణము నుండియే రావలెను. గాదె నిండిన రైతు క్రొత్త ధాన్యమును కొనడు. నిలువ నిండిన ఆటగాడు క్రొత్త ఆటను కొనుటకు జంకును. కావున నిలువను పెంచుట కొన్నవానికెంత మేలో అమ్మువానికిని అంత మేలు.

2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ పెట్టెలలో తిరుగు డిస్కు పూర్తిగా పోయి, అతివేగమైన ఫ్లాష్ నిలువ వచ్చెను. ఇప్పుడు రెండు సంస్థలును పాత త్రోవలనే మఱల త్రొక్కిరి. మైక్రోసాఫ్ట్ తన కొలతకు తగిన ప్రత్యేకమైన కార్డును పెట్టెను; దానిని తొలుత సీగేట్ అను సంస్థ యొక్కటే తయారుచేసెను. 1000 గిగాబైట్ల కార్డు వెల సుమారు 220 డాలర్లు. తగిలించుట మాత్రము పసిపిల్లవానికిని సులభము. సోనీ కంప్యూటర్లలో వాడు సాధారణమైన ఫ్లాష్ పలకనే అనుమతించెను. ఐతే దానికై తలుపు 2021 సెప్టెంబరులో గాని తెఱవలేదు. వేగము చాలునో లేదో చూచుకొనుట, పెట్టెను విప్పి బిగించుట కొన్నవాని భారమే. మైక్రోసాఫ్ట్ కార్డును 2023లో రెండవ సంస్థయు తయారుచేయగా దాని వెల దిగెను. తాళపు చెవి ఒక్కని చేతనే యున్నంతకాలము వెల దిగదను సత్యము దీనివలన విశదమగును.

ఇటీవలి కాలమున ఈ వర్తకపు పాత సూత్రమే కదలెను. అతిసూక్ష్మ పద్ధతులలో చిప్పులు చేయు కర్మాగారముల ఖర్చు విపరీతముగా పెరిగినందున, చిప్పు చిన్నదైనను మునుపటివలె చౌక కాలేదు. ధరలన్నియు పెరిగెను, సుంకములు తోడయ్యెను. 2022 ఆగస్టులో సోనీ ఐరోపా, జపాను మున్నగు చోట్ల ప్లేస్టేషన్ 5 వెలను పెంచెను. భారతదేశమున 49,990 రూపాయలున్న ఆ పెట్టె అదే సంవత్సరము నవంబరులో 54,990 రూపాయలయ్యెను. 2025లో అమెరికాయందును సోనీ, మైక్రోసాఫ్ట్ రెండును వెలలను హెచ్చించెను. ప్లేస్టేషన్ 5 మొదట 825 గిగాబైట్ల నిలువతో వచ్చి, 2023 నాటి సన్నని నమూనాలో 1000 గిగాబైట్లకు పెరిగెను. 2025లో ఐరోపాలో వచ్చిన డిస్కు పెట్టు చోటులేని ఒక నమూనాలో అది మఱల 825 గిగాబైట్లకు దిగెను. వెల మాత్రము దిగలేదు. వెలను పెంచుటకు వీలుగాని చోట కొలతను తగ్గించుట వర్తకమున క్రొత్త కాదు. బిస్కత్తు పొట్లము వెల అదియేయుండి లోపలి బిస్కత్తులు తగ్గుట ఎల్లరును ఎఱిగినదే.

ఈ చరిత్రనంతటిని కలిపి చూచినచో ఒక సంగతి తేటపడును. ఆటపెట్టెను సవరించునప్పుడు ముగ్గురి ప్రయోజనములు అందు ఇమిడియుండును. అమ్మువానికి ఖర్చు తగ్గవలెను. ఆటలు చేయువానికి పెట్టె మారక నిలువవలెను. కొన్నవానికి ఇచ్చిన మాట నిలువవలెను. చిప్పు చిన్నదగుటలో ముగ్గురికిని మేలు కలుగును. అందుచేతనే ప్లేస్టేషన్ 2 పండ్రెండేండ్లకు పైగా జీవించెను. నిలువ విషయమున మాత్రము ఒకరి మేలు మఱియొకరి ఖర్చు కాగలదు. ఆ గాదె తలుపు చెవి ఎవరి చేతనున్నదో చూచినచో, ఆ బేరములో ఎవరి పక్షము మొగ్గినదో తెలియును.

కావున ఆటపెట్టెను కొనదలచినవాడు పైనున్న పేరును, ముందున్న మెఱుగును చూచి మురియరాదు. అడుగున నున్న నమూనా సంఖ్యను చదువవలెను. నిలువ ఎంత, దానిని పెంచుకొనుటకు సాధారణమైన వస్తువు చాలునా, పాత ఆటలు ఇందు నడచునా యని అడుగవలెను. అమ్మువాడును ఒక సంగతిని మఱువరాదు. ఒకమారు పెట్టె కొన్నవాడు ఏండ్ల తరబడి ఆటలు కొనిననే ఈ వర్తకమున లాభము. వాని నమ్మకము పోయినచో పిడి చేతికిచ్చినను బ్లేడు కొనువాడుండడు.